కుండకూ నిచ్చెనకూ నడుమ సత్తెమ్మ

"గాజులోడొచ్చిండె కొమ్మలారా, గల్మల్ల కూసుండె కొమ్మలారా, ఎడమ చెయ్యిత్తునా, కుడి చెయ్యిత్తునా..." గల్మంటె గుమ్మం. ఆ తర్వాత ఏందో ఉండె బిడ్డా, ఎర్రగాజులో పచ్చగాజులో, నోటికాడికొచ్చి ఆగిపోతుంది. చిన్నప్పుడు వడ్లు దంచుకుంట పాడేటోళ్ళం. నువ్వు గా ముచ్చట అడగంగనే ఇది యాదికొచ్చింది, ఎందుకో మరి. "ఓటు ఎవరికి వెయ్యమంటారండీ మామ్మగారూ?" అని అడుగుతివి. మా ఇంట్ల కిరాయికున్నవని నన్నడిగితె నేనేం చెప్తనమ్మా? పొద్దుగాల నుంచి మూడు పార్టీలోళ్ళు మూడు కాయితాలు గేటు సందుల నుంచి పడేసిపోయిండ్రు, మూడు చదివిన. అక్షరాలు యాభై దాటినంక నేర్సుకున్న గదా, చేతికి కాయితం దొరికితె ఇడువబుద్ధి కాదు. మూడు కాయితాలల్లనూ నీళ్ళిస్తమనే ఉన్నది. ముగ్గురు ఇచ్చేటోళ్ళే ఉన్నంక మరి ట్యాంకరు కోసం మనమెందుకు కాలు కాలిన పిల్లి లెక్క తిరుగుతున్నమో నాకు సమజ్ కాలేదు. కూసో, ఆ కుర్చీ కాదు, దాని కాలు ఊగుతది, ఈ పక్కకు రా. ఓటు ఎట్లెయ్యాల్నో నాకు చూపెట్టింది మా అత్త సత్తెమ్మ. నేర్పింది అననా, చెడగొట్టింది అననా, ఇన్నేండ్లయినా నాకు తెలుస్తలేదు.

మా అత్తంటె మా వాడకట్టు ఆడోళ్ళందరికి పెద్ద దిక్కు. ఎవరింట్ల కాన్పయినా, ఎవరి బర్రె తన్నినా, కోడలు అలిగి తల్లిగారింటికి పోయినా, ముందుగాల మా అత్త కాడికే ఉరికొచ్చేటోళ్ళు. ఆమె గట్టిగ మాట్లాడేది కాదు. వినేది. విని, విని, చెంగుతోని మూతి తుడుసుకొని "గట్లనా" అనేది. ఆ "గట్లనా" పడిందంటె సగం పంచాయితి తెగినట్టే. మా మామ పాపం చుట్ట కాల్చుకుంట అరుగు మీద కూసునేటోడు. ఏదన్న అడిగితె "మీ అత్తనడుగు" అనేటోడు. ఆయన మాట్లాడంగ నేను విన్నయన్ని కలిపినా ఒక పూట ముచ్చట కాదు.

ఇగ డెబ్బైల పంచాయతి ఓట్లొచ్చినయి. నేను కాపురానికొచ్చి ఏడాది. నాకు పద్దెనిమిది నిండినయో లేదో, గప్పట్ల ఇరవై ఒకటి నిండితెనే ఓటు గదా, ఓటర్ల పట్టీల మాత్రం ఇరవై ఏడని రాసుకున్నరు, రాసినోనికి నేనెట్ల కనపడ్డనో ఏమో. మా వాడకు ఒక మెంబరు. నిలబడ్డది ఎవరంటవు? ఒకడు ఐలయ్య, మా అత్త సొంత తమ్ముడు, ఆమె సంకనేసుకొని పెంచిన పిలగాడు. ఆయన గుర్తు కుండ. ఇంకొకడు పోచయ్య, మా అత్తకు వియ్యంకుడు, మా ఆడబిడ్డ నీలమ్మ మామ. ఆయన గుర్తు నిచ్చెన. గప్పుడు ఇదంత పల్లెటూరే ఆయె, ఇప్పుడు మీ కంపెనీ బస్సు ఆగే మూల ఉన్నది చూడు, గక్కడ ఉండె పోచయ్య ఇల్లు. మా ఇంటికి ఎదురుంగ. ఈ గడపల తుమ్మితె ఆ గడపల వినపడేది. మూడోడు గూడ ఒకడుండె, వీరేశం, లాంతరు గుర్తు. పెండ్లాం సచ్చిపోయిన మనిషి, గొర్లు కాసుకునేటోడు. ఎందుకు నిలబడ్డడో ఆయనకే ఎర్కలేదు. ఇద్దరే ఉంటె తలకాయలు పగులుతయి, నడుమ ఒకడుండాలె అని ఎవరో అంటె సరే అన్నడట.

జనం ఎట్ల ఎంచుకుంటరంటవా? అయ్యో, వింటె నవ్వుతవు. ఒకామె ఐలయ్యకు వెయ్య అన్నది, ఎందుకే అంటె, నా పెండ్లిల పప్పుల ఉప్పు తక్కువైందని నలుగుట్ల అన్నడు అని. ఇంకొకామె పోచయ్యకు వెయ్య అన్నది, నిచ్చెనెక్కి మా ఇంట్లకు తొంగిచూస్తడా ఏంది అని. కల్లు కాడ మగోళ్ళు ఇంకో తీరు. "కుండ పగులుతది, నిచ్చెన ఇరుగుతది, లాంతరు ఆరిపోతది, సర్కారోనికి గట్టి వస్తువే దొరకలేదా?" అని ఒకాయన కొట్లాటకే దిగిండు. రోడ్డేస్తడా, బాయి తవ్విస్తడా అని ఒక్కలడిగితె ఒట్టు.

మా అత్తకు మాత్రం నవ్వు లేదు. నీలమ్మకు నిండు నెలలు. తొలుసూరు కాన్పు తల్లిగారింట్లనే కావాలె గదా, ఏడో నెలలనే తోలుకరావాల్సింది, ఏదో సాకు చెప్పి పోచయ్య నిలబెట్టిండు. ఆఖరికి కబురంపిండు, "నిచ్చెన మీద ముద్ర పడ్డనాడే మా కోడలు గడప దాటుతది" అని. నీలమ్మ పొద్దుగాల వాకిలి ఊడుసుకుంట చీపురుతోని మాట్లాడినట్టు మాట్లాడేది, "అవ్వా, నాకు భయమే, బుగులైతుందే, నీ దగ్గరనే కంటనే." ఈ గడపల నుంచి మా అత్త వినేది. నడుమ గింతంత బాట, రెండు బండ్లు పక్కపక్కన పోలేవు. గింత బాట దాటి బిడ్డ రాదు, తల్లి పోదు. మర్యాద అసొంటిది. మరి నిచ్చెనకు వేసి బిడ్డను తెచ్చుకోరాదా అంటవు, ఆగు. ఐలయ్య ఊకుంటడా? మా ఇంటికొచ్చి, పోచమ్మ బండారి, గదే అమ్మవారి పసుపు, చేతుల పెట్టి, "అక్కా, కుండ మీద ముద్ర ఏస్తనని ఆన పెట్టు. లేకుంటె నీకు తల్లిగారిల్లు లేదనుకో, నేను సచ్చినా రాకు" అని ఏడిసిండు. ఏడిసిండు బిడ్డా, మీసాలున్న మనిషి! మా అత్త ఆన పెట్టింది. తెల్లారి పోచయ్య పెండ్లాం, మా అత్తకు వియ్యపురాలు, వచ్చి అడిగితె ఆమెకూ ఆన పెట్టింది. నేను వంటింట్ల నుంచి చూసి పరేషానైన. "అత్తా, ఇద్దరికెట్ల?" అంటె, "పొయ్యి మీద పప్పు పొంగుతుంది చూడు పో" అన్నది.

ఇగ మా వాడల ఎవరు ఏ పనికి పిలిచినా బొట్టు పెట్టి పిలుసుడే. ఐలయ్య పెండ్లాం ఇంటింటికి కుంకుమ భరిణ పట్టుకొని పోయి ఆడోళ్ళకు బొట్టు పెట్టి "కుండకు రాండ్రి" అన్నది. ఆమె ఇటు తిరగంగనే పోచయ్య పెండ్లాం అటు నుంచొచ్చి ఆ బొట్టు కింద ఇంకో బొట్టు పెట్టి "నిచ్చెనకు రాండ్రి" అన్నది. వీరేశానికి పెండ్లాం లేకపాయె, బొట్టు పెట్టేటోళ్ళెవరు? ఓట్లనాటికి మా వాడల ఆడోళ్ళందరికి నొసట రెండేసి బొట్లు, మీదొకటి, కిందొకటి. అందరి మొఖాలు వాడిపోయినయి. బొట్టు పెట్టించుకొని పోకుంటె ఎంత తప్పు! ఇద్దరూ కావలసినోళ్ళే ఆయె.

బడికాడ పెట్టిండ్రు ఓట్లు. ఆఫీసరుగ వచ్చింది సీతారామాంజనేయులు అని పంతులు, మీ దిక్కాయననే, గుంటూరో ఏలూరో. మస్తు మర్యాదస్తుడు. మా ఆడోళ్ళను గూడ "అమ్మా, రండమ్మా, ఇలా నిలబడండమ్మా" అంటుంటె మా వాళ్ళు చెంగులు నోట్ల కుక్కుకొని ఒకటే నవ్వుడు. మా ఇండ్లల్ల మమ్ముల నిలబడమని బతిలాడినోడెవడు? లైన్ల మా అత్త ముందల, నేను ఎనక. మా అత్త ఆయన కాడికి పోయి మెల్లగ అడిగింది, "సారూ, రెండు గుర్తుల మీద ముద్ర ఏస్తె ఏమైతది?" "అబ్బే, అలా వెయ్యకూడదమ్మా. చెల్లదండీ." "చెల్లకుంటె? పట్టుకపోతరా?" "అయ్యో, పట్టుకుపోవడమేంటండీ! లెక్కలోకి రాదు, అంతే." "లెక్కల రాదు సరే. ఏసినట్టా, ఏయనట్టా?" పాపం పంతులు కండ్లద్దాలు తీసి తుడుసుకున్నడు. "వెయ్యడం అయితే వేసినట్టేనమ్మా..." "గట్లనా," అన్నది మా అత్త. చెంగుతోని మూతి తుడుసుకున్నది.

గప్పుడు ఎనకకు మళ్ళి మా వాళ్ళతోని అన్నది, "ఏందే గట్ల మొఖాలు ఏలాడేసిండ్రు? ఒక్కనాడు రెండు పెండ్లిండ్లుంటె ఏం చేస్తరు? ఒకింట్ల తిని, చెయ్యి కడుక్కొని, ఇంకోఇంట్ల కూసోరా? రెండిండ్లోళ్ళూ బొట్టు పెట్టిరి. రెండిండ్లకూ పోవాలె." అంతే, చూడు, లైనంత తేటబడ్డది. ఒకామెకైతె కండ్ల నీళ్ళొచ్చినయి, ఇంత చిన్న సంగతి మాకెట్ల తట్టలేదు అని. లోపలికి పోయి నేనూ గంతే చేసిన. కుండకొకటి, నిచ్చెనకొకటి. లాంతరు బోడిగ కనపడితె పాపం అనిపించింది గని, ఆయన తరఫున బొట్టు పెట్టలేదు గదా, పిలవని పేరంటానికి ఎట్ల పోతం?

పొద్దుగూకంగ బడి వరండలనే లెక్కపెట్టిండ్రు. ఐలయ్య ఒక పక్క, పోచయ్య ఒక పక్క, ఇద్దరూ పూలదండలు తెచ్చుకొని చాటుకు పెట్టుకున్నరు. పంతులు ఒక కాయితం ఇప్పిండు. "ఇది చెల్లదండీ." ఇంకోటి ఇప్పిండు. "ఇదీ చెల్లదు." ఇంకోటి. "చెల్లదు." ఆయనకు దూపై, గొంతు ఎండిపోయి, నీళ్ళు తాగి మల్ల "చెల్లదు" అన్నడు. మగోళ్ళయి గూడ సగం గంతే తెలుసా? ఇద్దరి కల్లూ తాగిరి, ఇద్దరికీ గుద్దిరి, వాళ్ళకు మా అత్త చెప్పే పనే లేకపాయె. ఆఖరికి కుండకు నాలుగు, నిచ్చెనకు నాలుగు. ఆ ఇద్దరితోని పడనోళ్ళు ఓ డజను మంది లాంతరుకేసిండ్రు. వీరేశం గెలిచిండు! గప్పుడే ఆయన గొర్లను తోలుకొని అటు నుంచి వస్తుండు. "ఎవరు గెలిచిండ్రే?" అని మమ్ములనే అడుగుతుండు. చెప్తె నమ్మలే. "పరాచికాలాడకుండ్రి, నాకు పనున్నది" అని దొడ్డి దిక్కు పోయిండు.

ఇగ చూడు లొల్లి. అన్ని దినాలు మొఖం చూసుకోని ఐలయ్య, పోచయ్య ఇద్దరూ కలిసి మా ఇంటికొచ్చి ఒక్క మంచం మీద కూసున్నరు. కోపమొస్తె మనుషులు ఎంత తొందరగ కలుస్తరో! "నువ్వే నేర్పినవు, నువ్వే ముంచినవు" అని ఒకాయన, "అవునన్నా, గట్లడుగు" అని ఇంకొకాయన. మా అత్త లోపలికి పోయొచ్చింది. ఇద్దరికీ చెంబుల నీళ్ళిచ్చి నిలబడ్డది. చూస్తె ఆ కండ్లు ఎదురుంగ పోచయ్య వాకిలి మీదనే ఉన్నయి. బిడ్డను తోలరేమో అని చూస్తుందని నాకు గప్పుడు సమజైంది. తమ్మునితోని మాత్రం మెల్లగ అన్నది, "తమ్మీ, కుండ మీద ఏస్తనన్న, ఏసిన. ఇంకోదాని మీద ఏయనని నేను ఆన పెట్టలే." ఐలయ్య చెంబెత్తి నీళ్ళు తాగిండు.

పోచయ్య దిగ్గున లేసిండు. "చెల్లని ఓటు నాకేం చేసుకోను? కోడలు రాదు, గీదు రాదు!" అన్నడు. గంతలనే వాకిట్ల నుంచి ఆయన పెండ్లాం గొంతు. "ఎవల్ని రాదంటున్నవ్?" నీలమ్మను రెక్క పట్టుకొని మెల్లగ నడిపించుకుంట ఆమెనే తోలుకొస్తుంది! "నిచ్చెన మీద ముద్ర పడ్డనాడు తోల్త అన్నవా లేదా? పడ్డదా లేదా? చెల్లుడు, చెల్లకపోవుడు సర్కారోనిది. మాట నీది. ఇంటింటికి తిరిగి బొట్లు పెట్టి పెట్టి నా బొటనవేలు ఎర్రబడ్డది, వచ్చిందేమున్నది? ఈ పిల్ల మొఖమన్న జర సూడు." పోచయ్య అందరి దిక్కు చూసిండు. మా మామ దిక్కు చూసి "ఏమంటవు బావా?" అన్నడు. మా మామ చుట్ట నోట్ల నుంచి తీసిండు. "మీ సెల్లెనడుగు" అన్నడు. అందరం పక్కున నవ్వినం, పోచయ్య గూడ నవ్విండు, నవ్వినంక ఇగ ఏం చేస్తడు? నాలుగొద్దులకు ఆడపిల్ల పుట్టింది. మొన్న మదీనాగూడ నుంచి చీరల సంచి పట్టుకొని వచ్చింది చూసినవు గదా, గామెనే. వీరేశం మెంబరై ఏం చేసిండంటవా? ఏం చెయ్యలే. కాని ఒకరి మీద ఒకరు అలగనీకి కారణం గూడ లేకుండ చేసిండు, గదేం తక్కువ పని!

మా అత్త ఇంక ఎనిమిదేండ్లు ఉన్నది బిడ్డా. ఎండకాలం మంచానపడ్డది. మా మామ అప్పటికే పోయిండు. మా ఆయన డాక్టరు కోసం కూకట్‌పల్లి దిక్కు ఉరికిండు, నీలమ్మ దారిల ఉన్నది. ఐలయ్య ఒక చెంబు పట్టుకొని ఈ పక్క, పోచయ్య ఒక చెంబు పట్టుకొని ఆ పక్క. "తోడబుట్టినోన్ని, నోట్ల నీళ్ళు నేను ముందు పొయ్యాలె" అని ఆయన. "నీ కంటె పెద్దోన్ని, వియ్యంకున్ని, నేనుండంగ నువ్వెట్ల పోస్తవు?" అని ఈయన. ఇద్దరికీ కండ్ల నీళ్ళే, ఇద్దరూ ఇడవరు. మా అత్త ఒక కన్ను తెరిసింది. అటు చూసింది, ఇటు చూసింది. నన్ను కండ్లతోనే దగ్గరికి పిలిచింది. చెవి ఆమె నోటికాడ పెట్టిన.

"పిల్లా, వీళ్ళది తెగేటట్టు లేదు. నాకు దూపైతుంది, నీళ్ళు నువ్వే పొయ్యి."