ముఠాకి కొత్త పెద్ద

అరకు ఎక్కే ఘాటీ రోడ్డు పనిలో రాయి విరిగిపడి కూలీల ముఠా పెద్ద గాసి చనిపోయి మూడో రోజు. పొద్దు వాలుతోంది. మేస్త్రీ సింహాచలం స్వయంగా కట్టిన ఎర్ర పాగాతో సుక్రు ఆయన గుడారం నుంచి ఊరిదారి పట్టాడు. ఆ పాగా నలుగురికీ ఎప్పుడు చూపించుకుందామా అని వాడి ఆత్రం. గాసి పెళ్ళాం సోములమ్మ దారికి అడ్డంగా నిలబడింది. వరసకి వాడికి వదిన.

"అయితే పాగా నీకే కట్టినాడన్నమాట."

"నానడగనేదొదినా. ఆయనే పిలిసి కట్టినాడు. ముఠాకి పెద్దుండాల గదా. అన్న ఎలిపోనాడు."

"ఎలిపోనేదు. సచ్చిపోనాడు."

"అదే... అదే అంటన్నాను. ఇంటికెల్లాల, నా పెళ్ళాం కనక ఎదురు సూత్తుంటాది."

"కూకో. పెద్దంటే ఏటి సెయ్యాలన్నాడు మేస్త్రీ?"

"గునపం ముట్టకూడదంట. గెడ్డ నీటికి ఇవతల నిలబడి కేకలెయ్యాలంట. ముఠావోలతో కూకుని అంబలి తాగకూడదంట. తాగితే బయముండదంట."

"మీ అన్న తాగీవోడు. అందరూ తాగినాక, కుండలో మిగిల్తే."

"అందికే ఆడి మాట సెల్లనేదు."

"సెల్లనేదా? మూడేళ్ళ పనిలో ఒక్కడికీ కాలిరగనేదు."

"అదురుష్టం."

"అదురుష్టమేటి? రోజూ తొలి గునపం ఆడే ఏసీవోడు. రాయికి సెవానించి ఇనీవోడు. బాగోపోతే ఆ పూట ఎవుల్నీ దగ్గరికి రానిచ్చీవోడు కాదు. మన పెద్దలు సేసిన కట్టడి అది."

"బద్దకమని మేస్త్రీ అన్నాడు."

"ఆయన కొండ దిగువోడు, రాయి సంగతి ఆయనకేటి తెల్సు? మొన్న ఈ రాయి మంచిది కాదని గాసంటే, మంచిదేనని ఆయనకెవులు సెప్పినారు?"

"నాకేటి తెల్సు."

"ఎవులో సెప్పినారు, సుక్రూ."

"సెప్పుంటారు. వొదినా, పొద్దోతంది..."

"పోనీ. మేస్త్రీ కొరడా తీసినాడు. గాసి మిమ్మల్నందర్నీ గెడ్డ దాటించి ఒక్కడే ఎల్లినాడు. అవతల పద్దెనిమిది మంది నిలబడినారు. అందులో నువ్వున్నావు."

"ఉన్నాను. సూసినాను. వొదినా, నానన్నది ఒక్క మాటే. గాసి వొంకలెడతన్నాడు బాబూ అన్నాను. అంతే. ఇలాగవుద్దని..."

"అంతే."

"పాగా ఇత్తానన్నాడు. ఊరకనే సాకిరీ సేసి దెబ్బలు తినీ బతుకులు మనవి. ఒక్కడైనా దెబ్బల్లేకుండా బతికితే తప్పేటి? అన్న సేసింది ఎర్రితనం. పెద్దోడు బతికుంటే గదా ముఠా బతికేది."

"ఇది మేస్త్రీ మాటా, నీ మాటా?"

"ఎవులిదైతేనేం."

"గొర్రె కసాయోణ్ణే నమ్ముతాదంట. సగం రాయి ఇంకా కొండకి ఏలాడతంది. రేపెవుల్ని పంపుతావు?"

"మంగ్లుని."

"ఆడికి పెళ్ళై నెల కానేదు."

"అయితే ఇంకోడిని. ఎవుడో ఒకడు ఎల్లాల గదా. రేపు పొద్దున్న ఆ రాయి తియ్యకపోతే నా ఈపు సీరేత్తానన్నాడు."

"పెద్దోడికీ దెబ్బలున్నాయన్నమాట."

"నన్నొగ్గీ, ఎల్తాను. ఊళ్ళో పొగైనా నేదేటి? ఈయేల ఎవులూ పొయ్యి ఎలిగించనేదా?"

"ఎలిగించడానికి ఎవులున్నారు? నువ్వు గుడారంలోకి ఎల్లడం సూసి అందరూ పిల్లల్నెత్తుకుని జైపురం కొండలకి ఎలిపోనారు."

"అందరూ అంటే?"

"పదిహేడు మందీ, ఆల పెళ్ళాలూ, ముసిలోలూ."

"మరి నువ్వెందుకు ఉండిపోనావు?"

"ఆలు గెడ్డ దాటీదాకా నిన్ను మాటల్లో పెట్టమన్నారు. దాటీసుంటారు. నానూ ఎల్తాను."

"కనక... కనక నాకు సెప్పకుండా ఎల్లదొదినా."

"ఆలకి ముందు నడిసి దారి సూపిత్తన్నది కనకే. రేపు ఆ రాయి కిందకి నువ్వే ఎల్లాల, సుక్రూ. ఇంకెవులూ మిగల్నేదు."