బావ కారుకి పెద్ద చక్రాలు

ఏంటీ, కారుకి పెద్ద చక్రాలు వేయిస్తావా? ముందు కూర్చో. మీ తాత కూడా వేయించాడు, మా బావ. నేనప్పుడు బస్సు డిపో గేటు దగ్గర ఉండేవాణ్ణి, వచ్చిన ప్రతి బండి మీటరూ చూసి ఎన్ని కిలోమీటర్లు తిరిగిందో రాసుకోవడం నా పని. డ్రైవర్లు పది చెబుతారు, నేను మీటరే నమ్మేవాణ్ణి. సరే, బావ ఉన్నట్టుండి ఇంతెత్తు చక్రాలు, లావు టైర్లు బిగించుకొచ్చాడు. "రోడ్డంతా గుంతలోయ్, కింద తగుల్తోంది" అన్నాడు. యాభై దాటినవాడికి ఈ సోకేంటి, ఎవరికోసం అనుకున్నాను. ఎక్కి కూడా చూశాను. మలుపులో బండి పక్కకి ఒరిగేది, స్టీరింగు పూర్తిగా తిప్పితే టైరు లోపలి రేకుకి రాసుకుని బరబరమనేది, బ్రేకు వేస్తే ఇదివరకటి చోట ఆగేది కాదు. చిన్న గుంతలు మాత్రం తెలిసేవి కావు, ఒప్పుకోవాలి. ఏం చెబుతున్నాను? ఆఁ, మీటరు. బావ వారం వారం మిల్లులో యంత్రాలు బాగుచెయ్యడానికి ఆ కార్లో వెళ్ళేవాడు. రానూపోనూ రెండొందల కిలోమీటర్లు, మా బస్సులు తిరిగే దారే, నాకు తెలీదా? ఆయన బయల్దేరేముందు ఓసారి, తిరిగొచ్చి స్నానానికెళ్ళినప్పుడు ఓసారి మీటరు తొంగిచూశాను. నూట ఎనభై పెరిగింది. పై వారమూ అంతే. అంటే మిల్లుకి పది కిలోమీటర్ల ఇవతలే ఆగిపోతున్నాడు. అక్కడేముంది? నాలుగిళ్ళు. ఎవరిల్లు? మా అక్క, అదే మీ నానమ్మ చెవిన వేశాను. "మిల్లుకే వెళ్ళాను" అన్నాడట. "మరి ఆ ఇరవై ఏమైనట్టు?" అంది, నా మాటే అప్పజెప్పినట్టు. "ఏమో, నాకేం తెలుసు" అన్నాడట. ఏమో అంటాడేంటి, దొరికిపోయాడు అనుకున్నాను నేను. ఇక మీ నానమ్మ ఆ కారెక్కలేదు. ఒకే ఇంట్లో ఉండి, ఆయన పోయేదాకా, పదకొండేళ్ళు, ఏం చెప్పాలన్నా మీ నాన్నతో చెప్పించేది.

ఆయన పోయాక ఆ కారు మా డిపో మెకానిక్ తీసుకున్నాడు. బావ విప్పించిన పాత చిన్న చక్రాలు షెడ్డులో ఉంటే మళ్ళీ అవే వేసేశాడు. ఓసారి వాడితో అదే మిల్లుదాకా వెళ్ళొచ్చాను. మీటరు చూస్తే రెండొందలు. ఇదేంట్రా అంటే వాడు నవ్వాడు. "పెద్ద చక్రం ఒక్క చుట్టుకే ఎక్కువ దూరం పోతుంది సార్. మీటరుకి తెలిసేది చుట్లే. అందుకే తక్కువ చూపిస్తుంది. ఇన్నేళ్ళు గేట్లో కూర్చుని ఇది తెలీదా?" వాణ్ణీ నమ్మలేదు నేను. రెండు రకాల చక్రాలకీ సుద్దముక్కతో గీత పెట్టి, నేల మీద దొర్లించి, స్వయంగా కొలుచుకున్నాను. వాడన్నదే నిజం. మీ తాత మిల్లుకే వెళ్ళాడు, వెళ్ళిన ప్రతిసారీ. అక్కతో అన్న రోజున నా నోరు పడిపోయినా బాగుండేది.

ఈ సంగతి అక్కకి చెప్పానా అంటావేంట్రా... మెల్లిగా మాట్లాడు. లోపల మీ నానమ్మ మేలుకునే ఉంది.