సగం గ్లాసు

ఆస్పత్రి నుంచి వచ్చాక ఒరోసియా పోట్లాడటం మానేసింది. ముసలి మొగుడికి అదే దిగులు. వాళ్లుండే అరగాన్ కొండల్లో ఆవేళ పండగ. క్రీస్తు ఆఖరి విందులో తాగిన పాత్రను మోసుకొచ్చిన సన్యాసి పేరున ప్రతి ఇంటా ఓ గ్లాసు వైన్ పెడతారు.

"ఆ పాత్ర ముందు మా ఊళ్లోనే ఉంది కదే?" అని ఆయన ఆమెను కదిపాడు.

"ఊఁ."

"మీ కొండమీద ఊళ్లో మేకలు తప్ప ఏమున్నాయిలే!"

"గుహ ఉంది. పాత్ర ముందు ఆ గుహలోనే ఉంది, తర్వాతే మీ ఊరికి దిగింది. ఎన్నిసార్లు చెప్పినా నీ చెవికెక్కదేం?"

"హమ్మయ్య, నోరు లేచింది!"

"నవ్వకు. మా ఊళ్లో సన్యాసికి గ్లాసు నిండా పోస్తారు. మీ ఇంట్లో సగమే. పిసినారి కొంప!"

"పెళ్లయి ఇన్నేళ్లయినా ఇంకా 'మీ ఇల్లు' అనేనా?"

"మీ ఇల్లే."

"సరే, విను. సన్యాసి అప్పటికే మీ ఊళ్లో పీకలదాకా తాగి వచ్చాడట. అందుకే మేం సగం పోస్తామని మా అమ్మ చెప్పింది."

"అంటే ముందు మా ఊరే!"

"మీ ఊరే."

"ఇన్నేళ్లూ తెలిసే నాతో వాదించావా, దొంగ మొహమా?"

"ఒప్పేసుకుంటే మళ్లీ ఏడాది దేనికి పోట్లాడతావు?"

"మరి ఇవాళెందుకు ఒప్పుకున్నావు?"

ఆయన సీసా వంచి గ్లాసు నిండా పోయబోయాడు. ఆమె చేత్తో సీసా మూతి పైకెత్తింది.

"చాల్లే, ఆపు. మనింట్లో సగమే పోస్తాం."