పెళ్లికూతురి ఎర్ర కేడిలాక్

హలో… ఆఁ, నేనే. అక్కని… వర్నెటా అక్కనిరా, ఇంకెవరనుకున్నావు… పడుకున్నావా? సరే, పడుకునే మాట్లాడు. నేనూ కాళ్లు ఉప్పునీళ్ల తొట్లో పెట్టుకునే కూర్చున్నా. వృద్ధాశ్రమంలో పొద్దుట్నించీ నిలబడి నిలబడి పాదాలు బూరెల్లా పొంగాయి.

ఒక మాట అడుగుతాను. తిన్నగా చెబుతావా?

డ్యూటీ దిగి సెలూనుకి వెళ్లాను… ఆ, శనివారం పెళ్లికే, ఈ తలతో పెళ్లికూతురి తల్లినని చెప్పుకోలేను కదా. మా పక్కింటి ఓడెల్ గారు అక్కడే ఉంది, తలమీద డ్రయరు బుట్ట బోర్లించుకుని. ఆ బుట్ట కింద ఉంటే తన గొంతు తనకి వినపడదు. అందుకని ఊరంతా వినేలా అడిగింది, "వర్నెటా, మీ తమ్ముణ్ణి విడిచిపెట్టారా?" అని.

… నవ్వకు. నాకు నవ్వు రాలేదు.

ఆవిడ మేనల్లుడు చూశాట్ట. పెట్రోలు బంకు ఎదురుగా, రోడ్డు పక్కన, నువ్వు బోర్లా పడున్నావట. నాలుగు పోలీసు కార్లట. కుక్కని కూడా తెచ్చారట. నీ డిక్కీలోంచి ఏవో సంచులు దించారట…

… ఒకటే కారా… కుక్క లేదా… సంచులూ లేవు. సరే. ఓడెల్ గారి సంగతి నాకు తెలీదా, పిల్లికి జ్వరమొస్తే పులి చచ్చిందని చెబుతుంది. మరి బోర్లా పడుకోవడం?

…

క్లిఫ్టన్.

…

అదొక్కటీ నిజమేనన్నమాట.

ఎప్పుడు? … నిన్న సాయంత్రమా! నిన్న రాత్రి ఫోను చేసి పౌండు కేకులో నిమ్మతొక్క వేస్తున్నావా లేదా అని అడిగావు కదరా. అప్పుడు నోరు పెగల్లేదా? … "నువ్వు కంగారు పడతావని". ఆహా. అందుకని డ్రయరు బుట్టల కిందున్న ఆడవాళ్లందరి ముందూ కంగారు పడ్డాను.

మొదట్నించీ చెప్పు. … కాదు, మొదట్నించీ. జోరుగా వెళ్లావా? … ఎర్రలైటు దాటావా? … మరెందుకు ఆపాడు?

… ఏంటీ?

రంగు చూసి ఆపాడా?

… కారు రంగేరా బాబూ, కారు రంగే అడుగుతున్నా. నీ రంగు చూసి ఆపేవాళ్లు మనకి కొత్తా.

… "ఈ ఎరుపు ఎక్కడ వేయించావు" అని అడగడానికా? ఆ ముక్క కోసం నెత్తిమీద నీలంలైట్లు తిప్పుకుంటూ వెంటపడాలా? సిగ్నల్ దగ్గర అద్దం దించి అడగొచ్చుగా, అందరూ అడిగినట్టు. … వాళ్ల నాన్న పాత కార్లు బాగుచేస్తాడా. అయితే?

… అందంగా లేదని ఎవరన్నారు? తడారని నెత్తురులాంటి ఎరుపు, మోచేతుల్లా బయటికి పొడుచుకొచ్చిన చక్రాలు, పాట పెడితే వీధి మొత్తం కిటికీలు గడగడ. ఆ కేడిలాక్ వస్తుంటే చంటిపిల్లలు కూడా పాలు తాగడం ఆపి చూస్తారు. పోలీసువాడు చూడ్డా మరి?

సరే, రంగు అడగడానికొచ్చినవాడు నిన్ను నేలమీద ఎందుకు పడుకోబెట్టాడు? … ఆగు. ఆగు. లైసెన్సు అడిగాడా? … అడగలేదు. బండి కాయితాలు? … అవీ అడగలేదు. మరి నువ్వెందుకు—

అయ్యో, క్లిఫ్.

వాడింకా నోరు తెరవకముందే చెప్పేశావా?

… తెలుసు. నాకు తెలుసురా. పిస్తోలు లైసెన్సు క్లాసులో నేర్పింది అదే. చేతులు రెండూ స్టీరింగు మీద, లోపలి దీపం వెలిగించి, "అయ్యా, నా దగ్గర లైసెన్సున్న పిస్తోలుంది, కుడివైపు నడుముకుంది, నేను కదలడం లేదు." నా వంటింట్లో కూర్చునే కదా బట్టీపట్టావు, నేను కూర కోస్తూ పోలీసువాడిలా నటిస్తే. కానీ లైసెన్సు కార్డు అడిగితే చెప్పమన్నార్రా. వాడు అడగలేదు. వాడు రంగు డబ్బా పేరు అడగడానికొచ్చాడు.

… ఊఁ.

… నిజమే. చెప్పకుండా ఉండి, వాడు కిటికీలోకి వంగినప్పుడు నీ కోటు తొలిగి అది వాడి కంటపడితే… నిజమే. అప్పుడింకా అన్యాయం. కాదనను.

మొహం మారిపోయిందా? … నవ్వుతూనే వచ్చాడా. ఆ నవ్వు ఇంకా మూతిమీదే ఉండగానే చెయ్యి నడుం మీదికి పోయిందా.

… ఊఁ.

… ఊఁ. దిగమన్నాడు. వెనక్కి తిరగమన్నాడు. కారుకి ఆనించి బేడీలు వేశాడు. … తర్వాత నేలమీద. … నీ మోకాలి సంగతి చెప్పావా? ఆపరేషనైన మోకాలని? … చెప్పలేదు. మంచిపని చేశావు. మోకాలని చెబితే ఇంకేదో అనుకునేవాడు.

వాడి వయసెంతుంటుంది? … మీసం కూడా సరిగ్గా రాలేదా. "సార్" అన్నావా? … ప్రతి మాటకీనా. … ఏం సిగ్గు? నాన్న అనలేదా, తాతయ్య అనలేదా. ఇంటికి రావాలంటే అనాలి.

… ఆ పిస్తోలు ఎందుకని నేను అడగలేదు. అడగనులే. టైర్ల కొట్టు దగ్గర ఇద్దరు నీ చెవిలో తుపాకీ గొట్టం పెట్టి చక్రాలు ఊడదీసుకుపోయినప్పుడు ఆస్పత్రికి వచ్చింది నేనే కదా. ఆ చక్రాల కోసం మనుషుల్నే లేపేస్తున్నారు, ఎరుగుదును. … అదే నేనూ అంటున్నది. కారుందని దొంగల భయం. దొంగల భయమని పిస్తోలు. పిస్తోలుందని పోలీసు భయం. ఇంక నువ్వు సుఖంగా కారు నడిపేదెప్పుడురా?

… ఆఁ?

… ఏమన్నావు? … కాదు, దానికి ముందు. "పాపం, అది ఏడవను కూడా ఏడవలేదు" అన్నావు. ఎవరు ఏడవలేదు?

క్లిఫ్టన్. పక్క సీట్లో ఎవరున్నారు?

…

…

నా కూతురా.

… అరవడం లేదు. విను, అరుస్తున్నానా? అరిచే ఓపిక కూడా లేదు. … కియోనా నిన్న స్నేహితురాలితో చెప్పులు కొనుక్కోడానికి వెళ్తున్నానంది. తిరిగొచ్చి తలనొప్పని పడుకుంది. పొద్దున నేను వెళ్లేటప్పుడూ పడుకునే ఉంది. ఇప్పుడూ తలుపేసుకునే ఉంది. పెళ్లి ముందు అందరికీ ఉండే బెంగే అనుకున్నా. మా అత్తగారి పుదీనా కషాయం కాచి గుమ్మంలో పెట్టొచ్చా కూడా.

అది నీ కారులో ఏం చేస్తోంది? … ఏం దిగడం? … గౌనుతో కారు దిగడం అలవాటు చేసుకుంటోందా? … లోపలి ఆ కోళ్లగంపలాంటి లంగా వేసుకునా! … నవ్వొస్తోందిరా, ఏం చెయ్యను. నీ కారేమో నేలకి అంటుకుని ఉంటుంది, దాని లంగా ఏమో గుమ్మంలోనే పట్టదు. … చర్చి ముందు ఎక్కీ దిగీ, ఎక్కీ దిగీ… ఎవరూ చూడకుండా. … ఊఁ. దానికి ఆ వేషాలు వాళ్ల నాన్న పోలికే.

మరి దాన్ని కూడా దింపాడా? … చేతులు డాష్‌బోర్డు మీద పెట్టి కదలకుండా కూర్చోమన్నాడా. ఆ లంగాతోనే. … నిన్ను చూసిందా? … అద్దంలోంచి. పక్క అద్దంలోంచి మొత్తం చూసింది.

… ఎంతసేపని నేను అడగను. అడిగినా నువ్వు తగ్గించే చెబుతావు.

… రేడియోలో నీ వివరాలు చెప్పి, అన్నీ సరిగ్గా ఉన్నాయని తెలిశాక లేపాడు. పిస్తోలు తిరిగిచ్చాడు. సరే. అక్కడికి వదిలేశాడు కదా? … ఇంకా ఉందా?

డిక్కీ ఎత్తమన్నాడా? వెతకడానికా? … చూడ్డానికా? "మీవాళ్లు డిక్కీ మూతకి లైట్లతో పేర్లు రాయిస్తారట కదా, చూపిస్తావా" అన్నాడా. బేడీలు విప్పిన చేతులకి నెత్తురన్నా పారకముందే. … చూపించావు. చూపించక ఏం చేస్తావులే.

అమ్మ పేరే కదా ఉంది? … మార్చావా? ఏం రాయించావు?

…

చెప్పు.

…

డెల్బర్ట్ పేరా.

… ఏమని? … మొత్తం చదువు. … "డెల్బర్ట్ కూతురొస్తోంది." …

… కియోనా ఆలోచనేనా. చర్చి ముందు కారాపి, డిక్కీ ఎత్తి, వాళ్ల నాన్న పేరు వెలుగుతుంటే దిగాలని. నాకు చెప్పకుండా. …

… లేదు, బాగానే ఉన్నా. నీళ్లు చల్లారిపోయాయి, అంతే. … తుడుచుకుంటున్నా. కాళ్లే.

అయితే నా మొగుడి పేరు నాకంటే ముందు వాడు చూశాడన్నమాట.

… నిన్ను అనడం లేదురా.

… ఫోటో కూడానా? … కారుతోనా. ఎవరు తీశారు? … దాని చేతే తీయించాడా. … వాడి పక్కన నువ్వు, చొక్కాకి బురదతో. వెనకాల డెల్బర్ట్ పేరు. … భుజం మీద చెయ్యి వేశాడా. … నవ్వారా? … కియోనా "నవ్వండి" అందా. …

ఊఁ. అదీ నేర్చేసుకుందన్నమాట.

… శనివారం ఏంటి? … వాడా? వాడెందుకు వస్తాడు? … మోటారుసైకిలు మీద ముందు నడుస్తూ, లైట్లు వేసి, కూడళ్ల దగ్గర బళ్లు ఆపి మనకి దారిస్తానన్నాడా. ఊరికేనే. … అంటే పెళ్లి సంగతి చెప్పేశావు. చర్చి పేరు కూడా చెప్పేశావు. …

… "పోలీసు వెనకాల ఉండే కన్నా ముందుంటే మేలు". ఆ మాట బాగానే ఉంది క్లిఫ్. అలిసిపోయినవాడు ఆ మాటే అంటాడు. నేనూ నీలాగే అలిసిపోయాను కాబట్టి నాకు అర్థమవుతోంది.

… కోపమా? కోపానికి ఓపికేది. విను. నాకు శనివారం కారక్కర్లేదు. నువ్వు కావాలి. పిల్ల చెయ్యి పట్టుకుని లోపలికి నడిపించడానికి వాళ్ల నాన్న లేడు. ఉన్నది మావయ్యవి నువ్వొక్కడివే. ఆ దారిలో మళ్లీ ఎవడో ఆపి, మళ్లీ నువ్వు ముందే చెప్పి, ఈసారి వాడి వేలు కాస్త కంగారు పడితే… ఆ గౌనులో అది రోడ్డు పక్కన నిలబడి ఉంటుంది.

… "ఏమీ కాలేదుగా" అనకు. ఆ మాట ఒక్కటీ అనకు నాతో.

… పిస్తోలు ఇంట్లో వదిలేస్తావా? వదిలేసి, చర్చి బయట ఆ చక్రాలతో కారు పెట్టి, లోపల ప్రార్థనంతా మెడ తిప్పి తిప్పి కిటికీలోంచి చూస్తుంటావు. పాస్టరు "ఈ పిల్లని ఎవరిస్తున్నారు" అని అడిగితే నువ్వు బయట ఎవడో చక్రం విప్పుతున్నాడని పరిగెడతావు. … నవ్వు, నవ్వు. నీ సంగతి నాకు తెలీదా.

… అది ఆశపడిందా. నాకు మాత్రం ఆశ లేదా? ఇందాక నువ్వు చదివినప్పట్నించీ ఆ అక్షరాలే కళ్ల ముందు ఆడుతున్నాయి. … వద్దు. వాళ్ల నాన్న పేరు దానికి తెలుసు. లైట్లు వేసి చెప్పక్కర్లేదు. … నేను మాట్లాడతాను. ఇప్పుడే వెళ్లి తలుపు కొడతాను. ఆ కషాయం కూడా తాగి ఉండదు.

… వాడు మంచివాడేనంటావు. … అయ్యుండొచ్చు. కన్నతల్లికి మంచి కొడుకే అయ్యుంటాడు. … సారీ చెప్పాడా? ఎప్పుడు? … వెళ్లేముందు. ఏమని చెప్పాడు? … కాదు, నీ మాటల్లో కాదు. వాడు ఏమన్నాడో అదే చెప్పు.

…

ఏ తలుపు? … డ్రైవరు వైపు తలుపు మీదా. … బేడీ రాసుకుని గీత పడిందా. పొడుగ్గానా? … "ఇంత మంచి రంగు మీద గీత పెట్టాను, సారీ" అన్నాడా.

… ఇంకా?

… ఇంకేమన్నాడు?

…

అంతేనా.

… శనివారం రమ్మని వాడికి మాటిచ్చేశావా. … ఇప్పుడు ఫోను చేసి ఏం చెప్పాలా? నన్నడుగుతున్నావా?

వాడు సారీ చెప్పింది కారుకి. దాన్నే ఊరేగించుకోమను. నువ్వూ పిల్లా నా వ్యాన్లో రండి.