పాపన్న కారుకు ఫ్యూజు యాల పోతాండాది

సభాధ్యక్షురాలు శారదమ్మ టీచరుగారికి, ఈ రోజు స్టీరింగు వదిలిపెడుతున్న మా పాపన్న మామకు, పక్కనే ఉన్న మునియమ్మత్తకు, పుంగనూరు టాక్సీ స్టాండు పెద్దలకు, వంటల వాసనకు కట్టుబడి కూర్చున్న మిత్రులకు నమస్కారం.

ముందుగా నన్ను క్షమించాలి. మదనపల్లెలో ఎలక్ట్రికల్ ఇంజినీరింగ్ చదివి, మా అబ్బా లాల్ అహ్మద్ షెడ్డులో హారన్లు బిగిస్తున్న ఈ మోసిన్‌కు ఇంత గొప్ప సభలో నోరు తెరిచే అర్హత లేదు. నా మాటలకు సభ గౌరవం దెబ్బతిన్నా, సాంబారు చల్లారినా, ఆ పాపం మైకు ఇచ్చిన శారదమ్మగారిదే. (నవ్వులు)

బండి వదిలే డ్రైవరు తాళాన్ని తమలపాకుల పళ్లెంలో పెట్టి అధ్యక్షుల ముందు ఉంచడం మన స్టాండు ఆచారం. అదిగో, మామ తాళం పళ్లెంలో ఉంది. కారును తుక్కుకు ఇస్తానని మామ దగ్గర మాట తీసుకుని, నడుపుకుంటూ పోదామని కుప్పం నుంచి వచ్చిన వెంకటరమణప్పగారు ముందు వరసలో ఉన్నారు. పొద్దున్నుంచి అది స్టార్టు కాక చెమటలు కక్కారు. వారికి నా ప్రగాఢ సానుభూతి.

మామ ఎందుకు మానేస్తున్నాడో మీకు తెలుసు. రామకుప్పం దారిలో, ఏనుగులు దిగే వేళ, సీటు నిండా జనం ఉండగా లైట్లు ఆరిపోయాయి. కొత్త ఫ్యూజు వేస్తే అదీ పోయింది. మా షెడ్డుకు తెస్తే పోదు, రోడ్డెక్కితే పోతుంది. "యాల ఇంత బాధ మామా, సిగరెట్టు పెట్టిలోని తళుకు కాగితం సుట్టి పెట్టు, జన్మలో పోదు" అని సలహా ఇచ్చినవాళ్లు ఇక్కడే తల దించుకుని ఉన్నారు, పేర్లు చెప్పను. (నవ్వులు) మామది ఒకటే మాట: "ఫ్యూజు కాలకపోతే వైరు కాలతాదప్పా. యెనక సీట్లో పిల్లోళ్లు ఉంటారు."

ఆ కాగితం చుట్టుకుని ఉంటే ఆయన ఇంకా నడిపేవాడు. చుట్టలేకే తాళం పళ్లెంలో పెట్టాడు. "కండ్లు బాగుండాయి, చేతులు బాగుండాయి, బండినే నమ్మలేకుండా ఉండా" అని మా షెడ్డు బల్ల మీద కూర్చుని అన్నప్పుడు నాకు ఒక్క జోకూ తోచలేదు. నన్నెరిగినవాళ్లకు అదెంత పెద్ద జబ్బో తెలుసు.

నిన్న సాయంత్రం ఆఖరుసారి చూద్దామని వాళ్లింటికి వెళ్లాను. ఫ్యూజు ఉండే చోట ఒక హెడ్‌లైటు బల్బు తగిలించి, చిన్న లైట్లు వేశాను. వైరు ఎక్కడైనా బాడీకి తగిలితే ఆ బల్బు భగ్గుమనాలి. తలుపులు బాదాను, స్టీరింగు తిప్పాను, కారును ఊపాను. బల్బు మిణుకుమంటూనే ఉంది. అప్పుడు మునియమ్మత్త సీటు మీది దుప్పటి తీసుకుందామని వెనక ఎక్కింది. బల్బు భగ్గుమంది! దిగితే తగ్గింది.

"యేందిరా మోసినూ, నన్ను సూసి నగతాండావు?"

"ఇంగోసారి కూచో అత్తా."

కూచుంది, మళ్లీ భగ్గుమంది. సీటు ఎత్తితే, విరిగిన స్ప్రింగు ఒకటి వెనక లైట్ల వైరును కొరికేసి ఉంది. మనిషి కూర్చుంటేనే తగులుతుంది. మేమేమో షెడ్డులో ఎప్పుడూ ఖాళీ కారునే పరీక్ష చేస్తిమి! అత్తా, నీ బరువుకు ఈ సభ రుణపడి ఉంది. (నవ్వులు. అత్త విసనకర్ర విసిరింది.)

వైరు మార్చాను, స్ప్రింగుకు పాత ట్యూబు ముక్క చుట్టాను. కారు బాగైందని రాత్రి అత్త చెబితే మామ ఏమన్నాడు? "మాటిచ్చేసినా మునీ. యిడిసిపెట్టు." అని గోడ వైపు తిరిగి పడుకున్నాడట.

ఈ మధ్య ఆ కారులో ఏం జరిగినా నా మీదే వేశారు. వైపరు ఆగితే నేను, రేడియో మూగబోతే నేను, హారను దానంతట అదే కూస్తే నేను. అల్లా సాక్షిగా అవేవీ నేను చేయలేదు.

ఈ పొద్దున కారు స్టార్టు కాకపోవడం ఒక్కటే నేను చేసింది. ఇంజను ఫ్యూజు నా జేబులో ఉంది. ఇదిగో, తాళం పక్కన పెడుతున్నాను. వెంకటరమణప్పగారూ, మన్నించండి. ఇచ్చిన మాటను తిరిగి ఇవ్వగలిగినవారు ఈ హాల్లో మీరొక్కరే.

ఓపికగా విన్న అందరికీ కృతజ్ఞతలు. పళ్లెం నీకూ వెంకటరమణప్పగారికీ మధ్య ఉంది మామా. నాకు సెలవు.