లోపలి అస్తరు

2016 జూలై పదకొండవ తేదీన, నాగ్‌పూర్‌లో రెండు దశాబ్దాల అధ్యాపకత్వాన్ని ముగించుకుని, డాక్టర్ చంద్రకళ గారు చంద్రపూర్‌లోని మా వైద్య కళాశాల శరీరధర్మశాస్త్ర విభాగంలో ఆచార్యులుగా బాధ్యతలు స్వీకరించారు. సిమెంటు కర్మాగారాల ఊరు గడ్‌చాందూర్‌లో జాకెట్లు కుట్టి తమను చదివించిన మాతృమూర్తి రాజమ్మ గారిని వెంట తెచ్చుకున్నారు. సిమెంటు ధూళిలో ముదిరిన ఉబ్బసం వల్ల ఆ చలికాలంలోనే రాజమ్మ గారిని రెండుసార్లు ఆసుపత్రిలో చేర్చవలసి వచ్చింది. అయినా దమ్ము వచ్చినప్పుడు పీల్చే ఇన్‌హేలర్ పంపు తప్ప, రోజూ పీల్చవలసిన పంపును "అలవాటైతది" అంటూ ఆమె ముట్టేవారు కారు. శిష్యులకు శ్వాసతత్వాన్ని బోధించే విదుషీమణి, సొంత తల్లిని ఒప్పించలేక, ఆమె ఎక్కడ దక్కకుండా పోతుందోనని లోలోపల కుమిలిపోయారు.

మరుసటి ఏడు వారు మేక శ్వాసనాళంపై ప్రయోగాలు ఆరంభించారు. శుభ్రత విషయంలో వారి పట్టుదల జగమెరిగినదే. మేము కడిగిన టీ కప్పులను సైతం మళ్లీ కడిగేవారు. మటన్ దుకాణం నుంచి తెచ్చిన నాళాన్ని లోపల దూదితో తళతళలాడేలా తుడిచేవారు. సడలించే మందు ఎంత వేసినా బిగిసిన కండరం సరిగా సడలేది కాదు. ఒకనాడు తుడవడం మరచిన ముక్క మాత్రం చక్కగా సడలింది. మురికితోపాటు తాము తుడిచేస్తున్నది లోపొర కణాలనేనని, చుట్టూ ఉన్న కండరం సడలడానికి తోడ్పడే పదార్థాలను ఆ కణాలే విడుదల చేస్తాయని గ్రంథాల్లో చదివినది, వారికి అప్పుడు చేతికి తగిలి తెలిసింది.

ఆ సాయంత్రం ఇంట్లో జరిగిన సంభాషణను వారే మాకు పలుమార్లు వినిపించారు.

"ఏంది బిడ్డా, మొఖం గట్ల పెట్టినవ్?" అన్నారు కుట్టుమిషను ముందున్న రాజమ్మ గారు.

"గొట్టం లోపలి పొరను నేనే దూదితోని గీకి పారేసిన్నమ్మా. అది లేకుంటే కండ సడలుతలేదు."

"అస్తరు పీకి జాకెట్ తొడిగినట్టు చేసినవ్! పై బట్ట గుంజుకపోదా?"

చంద్రకళ గారు ఆ మాటనే అందుకున్నారు. "మరి నీ గొట్టంల అస్తరు సంగతేందమ్మా? దుమ్ముకు, వాపుకు అది చినుగుతనే ఉన్నది. రోజు పీల్చే పంపు దాన్ని కాపాడేటందుకే."

మిషను ఆగింది. "గా ముక్క ముందుగాల చెప్పద్దా? తీస్కరా."

ఆనాటి నుంచి మా తరగతుల్లో, మరాఠీ విద్యార్థులకు సైతం తెలిసిన ఆ 'అస్తర్' అనే మాటతోనే వారి పాఠం మొదలయ్యేది.

రాజమ్మ గారు ఆ తరువాత దమ్ముతో ఆసుపత్రి గడప తొక్కలేదు. ఇప్పుడు ఎనభై నాలుగో ఏట, పదవీ విరమణ చేస్తున్న కుమార్తె ఈ వీడ్కోలు సభకు ధరించబోయే జాకెట్టును అస్తరు వేసి తామే కుడుతున్నారు. మా కప్పులకు ఇక దిక్కెవరన్నది మా దిగులు. చంద్రకళ గారు, తల్లి కుట్టిన జాకెట్లు ఇంకా ఎన్నెన్నో ధరిస్తూ, ఆ తల్లి పక్కనే నిండుగా ఊపిరి పీలుస్తూ, ఆయురారోగ్యాలతో చిరకాలం వర్ధిల్లాలని మా అందరి ఆకాంక్ష.