పామర్రు మలుపు, సుద్ద గీత

"తాతయ్యా, నువ్వు చేపపిల్లల లారీ తోలేటప్పుడు నీ స్పీడు ఎవరన్నా చూసేవాళ్ళా?"

చూడకేం? ముందు ఆ ఫోను అవతల పెట్టు. ఎర్ర చుక్క కనపడుతోంది, నా మాటలు పడుతున్నాయా ఏంటి అందులో? ఊరికేనా? ఊరికే ఎవరూ ఏదీ రికార్డు చెయ్యరమ్మా. ఆపెయ్. ఆపావా? సరే.

మీ అమ్మ చెప్పింది నీ సంగతి. విమానం నేలకి దిగాక దాన్ని చక్రాల మీద గేటు దాకా నడిపించుకెళతారు చూడు, ట్యాక్సీయింగో ఏదో అంటావు, అక్కడ మలుపులో తొందరపడ్డావని ఆఫీసు నుంచి ఫోనొచ్చిందంట. పక్క సీట్లో కూర్చునే కిరణే చాడీలు మోసుంటాడని నువ్వు అనుకుంటున్నావంట. అతనితో ఇక నాకు డ్యూటీ వెయ్యొద్దని రాసి పంపబోతున్నావంట. పంపావా? ఇంకా లేదుగా. మంచిది, కాసేపు ఆగు.

విమానంలో పెట్టె ఉంటుందని మొన్న నువ్వే చెప్పావు. ఎంత స్పీడు, ఏ మలుపు, బ్రేకు ఎక్కడ తొక్కారు, అన్నీ పడతాయంట. తర్వాత కంప్యూటరుకిస్తే హద్దు దాటినవన్నీ అదే ఏరి పక్కన పెడుతుందంట. నువ్వేమో, గాల్లోవీ దిగేటప్పటివీ అయితే సరే, నేల మీద ఒక్క మలుపు కోసం ఎవరో చెప్పకుండా ఎందుకు వెతుకుతారు అంటావు. పైగా అందులో పైలట్ల పేర్లే ఉండవని మీ వాళ్ళు అంటారు. పేరు లేకపోతే నీకు ఫోనెలా వచ్చిందమ్మా? ఆ పేర్ల తాళంచెవి ఎవరో ఒకరి దగ్గర ఉండే ఉంటుంది. నీకు అనుమానం రావడంలో తప్పు లేదు, నా పోలికే వచ్చింది నీకు.

ఇక నా సంగతి. కైకలూరు నుంచి చేపపిల్లల్ని చల్లపల్లి వైపు చెరువులకి తోలేవాణ్ణి. అప్పుడు ఈ ఆక్సిజన్ సిలిండర్లూ అవీ ఎక్కడివి? లారీలో చెక్క తొట్టి, దాన్నిండా నీళ్ళు, నీళ్ళలో వేలెడంత పిల్లలు. మలుపులో కాస్త తొందరపడితే నీళ్ళు ఎగిరిపడి, పిల్లలు చెక్కకి కొట్టుకుని చచ్చేవి. మెల్లగా పొమ్మనేవారు ఓనరు గారు. మంచాయనే, చాలా మంచాయన, కానీ ప్రతిసారీ బండి తిరిగొచ్చాక నవ్వుతూ, "ఏమయ్యా, పామర్రు మలుపులో అంత తొందరేంటి?" అనేవారు. నాకు ఒకటే అనుమానం. ఈయన కైకలూరులో కూర్చునుంటే పామర్రు మలుపు ఎలా కనపడిందీ అని.

బండిలో నాతో ఉండేది ఒక్కడే. శేషగిరి, మీ అమ్మమ్మ తమ్ముడు. దారిలో ఆగినప్పుడల్లా నీళ్ళు చూడటం వాడి పని. ఇంకెవడు చెబుతాడు? వాడితో మాటలు తగ్గించాను. పామర్రులో టీ తాగేవాళ్ళం, పావలానో ముప్పై పైసలో అప్పుడు, నాకొక్కడికే చెప్పుకుని తాగేవాణ్ణి. వాడు బండి పక్కన నిలబడి చూసేవాడు. ఆ చూపు కూడా దొంగచూపు లాగే ఉండేది నాకు. చివరికి ఓనరు గారి దగ్గరికెళ్ళి, నేనన్నా ఉండాలి వాడన్నా ఉండాలి అన్నాను. డ్రైవరు దొరకడం కష్టం కదా, వాణ్ణే పంపేశారు. పామర్రు వెళ్ళి సైకిలు షాపు పెట్టుకున్నాడు. ఎందుకు బావా అని ఒక్క మాట అడగలేదు. అడగలేదంటే చేసినట్టేగా అనుకున్నాను, అదొకటి.

తర్వాత లోడు నేనొక్కణ్ణే తీసుకెళ్ళా. తిరిగొచ్చి కాళ్ళు కడుక్కుంటుంటే, "పామర్రులో మళ్ళీ తొందరపడ్డావు" అన్నారాయన. చెప్పొద్దూ, ముందు ఆ టీకొట్టు వాడి మీదికి పోయింది నా అనుమానం. ఆ తర్వాత లోడుకి వచ్చాక కాళ్ళు కడుక్కోకుండా గోడ చాటున నిలబడి చూశాను. ఓనరు గారు లారీ ఎక్కి తొట్టిలోకి తొంగి చూస్తున్నారు.

తొట్టిలో, నీళ్ళకి జానెడు పైన, చుట్టూ సుద్దతో గీత గీసేవారు బయల్దేరే ముందు. నీళ్ళ కొలతకేమో అనుకునేవాణ్ణి. నీళ్ళు ఎగిరితే ఆ గీత చెరిగిపోతుంది. ఏ పక్క చెరిగితే దాని ఎదురు వైపుకి మలుపు, నా దారిలో అంత పెద్ద మలుపు అదొక్కటే. నా కళ్ళ ముందే గీసేవారమ్మా. ఆ సుద్దముక్క ఎక్కడిదనుకున్నావు? మీ అమ్మ పలక దగ్గర నుంచి నేనే తెచ్చిచ్చేవాణ్ణి.

శేషగిరి దగ్గరికి ఆరోజే వెళ్ళుండాల్సింది. రేపెళదాం, ఎల్లుండెళదాం అనుకున్నాను. సిగ్గు. మీ అమ్మమ్మకి కూడా చెప్పలేదు, తను పోయేదాకా. ఇప్పటికీ పెళ్ళిళ్ళలో కనపడితే, బాగున్నావా బావా అంటాడు, నా పక్కనే కూర్చుని తింటాడు. నేను సగంలో లేచి చెయ్యి కడిగేసుకుంటాను.

మీ కంపెనీని నమ్మమని నేను చెప్పను. ఆ పెట్టెనీ నమ్మను, పేర్లుండవనే మాట అసలు నమ్మను. వాళ్ళని నిలదీసి అడుగు, గీత ఎక్కడ గీశారో చూపించమను. ఆ కిరణ్ని కూడా ఎదురుగా కూర్చుని అడుగు. అడక్కుండా మాత్రం రాసి పంపకు.

ఏదీ ఆ ఫోను? ఇంకా ఎర్రగానే ఉందే. ఆపలేదన్నమాట. నాకు తెలుసు, ఇందాకే అనుమానం వచ్చింది.

ఉండనీలే, చెరిపెయ్యకు. అది శేషగిరికి పంపు. నా నోటితో వాడి ఎదురుగా చెప్పలేను. వాడు విన్నట్టు నీకు అందులో తెలుస్తుందా? తెలుస్తుందీ? అయితే విన్నాక నాకు చెప్పు తల్లీ. ఎంతసేపు విన్నాడో కూడా తెలిస్తే చెప్పు. చల్లగా ఉండు, మలుపుల్లో మెల్లగా వెళ్ళు.